స్టార్ల దగ్గర ఆగిపోకండి, 2567 తెరవండి: కేర్ కంపేర్ వాడిన ఓ కోడలి రివ్యూ

అమెరికాలో నర్సింగ్ హోమ్‌లకి స్టార్లు వేసే ప్రభుత్వ సైట్ కేర్ కంపేర్‌కి నా రేటింగ్ 5కి 3. పైన అన్న 2567 అంటే ఆ హోమ్‌ల తనిఖీ రిపోర్టు, దాని సంగతి తర్వాత చెబుతాను. 2 ఎందుకు కాదో, 4 ఎందుకు కాదో చెప్పాలంటే మా అత్తయ్య తుంటి ఎముక దగ్గర మొదలుపెట్టాలి.

మార్చి మొదటి వారంలో ఆవిడ గరాజ్ మెట్టు మీద కాలు జారి పడ్డారు. ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగో రోజు ఉదయం ఆసుపత్రి కేస్ మేనేజర్ వచ్చి ఓ కాగితం చేతిలో పెట్టింది. దాని మీద పదకొండు నర్సింగ్ హోమ్‌ల పేర్లు, ఫోన్ నంబర్లు. "రేపు డిశ్చార్జి. సాయంత్రంలోగా ఓ మూడు పేర్లు చెప్పండి, ఎక్కడ బెడ్ ఖాళీ ఉంటే అక్కడికి పంపుతాం" అంది. వీటిలో ఏది మంచిదో మీరే చెప్పండి అని అడిగితే, "అది మేం చెప్పకూడదు, కేర్ కంపేర్‌లో చూసుకోండి" అనేసి వెళ్లిపోయింది. పెళ్లి సంబంధానికి కూడా ఇంతకన్నా ఎక్కువ టైమ్ ఇస్తారు.

ఇక్కడ ఒక మాట. మన వైపు నర్సింగ్ హోమ్ అంటే డాక్టరుగారి చిన్న ప్రైవేటు ఆసుపత్రి, పురుళ్లు పోసే చోటు. అమెరికాలో అలా కాదు. సొంతంగా లేవలేని, స్నానం చేయలేని ముసలివాళ్లు నెలలూ ఏళ్లూ ఉండే చోటు. ఆపరేషన్ అయినవాళ్లు కొన్ని వారాలు రిహాబ్, అంటే కోలుకోవడానికి చేయించే వ్యాయామాల కోసం ఉండేదీ అక్కడే. దేశం మొత్తం మీద ఇలాంటివి దాదాపు 15,000 ఉన్నాయి. మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఆసుపత్రిలో ఉంటే ఆ తర్వాత మొదటి 20 రోజుల ఖర్చు మెడికేర్, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, పూర్తిగా భరిస్తుంది. ఆ పైన 100వ రోజు దాకా మన వాటా కూడా ఉంటుంది. డబ్బు సంగతి అంతే. ఎక్కడికి పంపాలన్నదే మా టెన్షన్.

కేర్ కంపేర్ అనేది మెడికేర్‌ని నడిపే కేంద్ర సంస్థ సీఎంఎస్ వాళ్ల వెబ్‌సైట్. 1998లో నర్సింగ్ హోమ్ కంపేర్ అన్న పేరుతో మొదలైంది, 2008 డిసెంబర్‌లో స్టార్లు వచ్చాయి, 2020లో ఆసుపత్రులు, డాక్టర్ల సైట్లతో కలిపి ఇప్పటి పేరు పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, ప్రకటనలు లేవు. ఊరి పేరు కొడితే చుట్టుపక్కల హోమ్‌లన్నీ స్టార్లతో సహా వస్తాయి.

ఆ రోజు ఆసుపత్రి క్యాంటీన్‌లో ల్యాప్‌టాప్ ముందు మేం ఇద్దరం కూర్చున్నాం. నేనూ, మామయ్యగారూ. ఆయన గురించి చెప్పకపోతే ఈ రివ్యూ అర్థం కాదు. రిటైరయ్యే దాకా ఆయన ఉద్యోగం వంతెనల తనిఖీ. 1967లో ఒహాయో నది మీద సిల్వర్ బ్రిడ్జ్ కూలి 46 మంది పోయిన తర్వాతే ఈ దేశంలో వంతెనలను ఒక పద్ధతి ప్రకారం తనిఖీ చేయడం మొదలుపెట్టారని ఇంట్లో అందరికీ వందసార్లు చెప్పుంటారు. నేను స్టార్లు చూస్తున్నాను. ఆయన నా చేతిలోంచి మౌస్ తీసుకుని, "ఈ మార్కులు ఎవరు వేశారో, ఏం చూసి వేశారో ముందు చూడమ్మా" అన్నారు.

అక్కడ నుంచి సైట్ నాకు వేరేగా కనపడింది.

మొత్తం స్టార్లు మూడు భాగాల నుంచి వస్తాయి. ఒకటి, రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ల తనిఖీ. రెండు, సిబ్బంది. మూడు, క్వాలిటీ కొలతలు. తనిఖీ స్టార్లతో మొదలుపెట్టి, సిబ్బందికి 5 వస్తే ఒకటి కలుపుతారు, 1 వస్తే ఒకటి తీసేస్తారు. క్వాలిటీకీ అంతే. అంటే తనిఖీలో 3 వచ్చిన హోమ్‌కి క్వాలిటీలో 5 ఉంటే మొత్తం 4 అవుతుంది. బయట బ్యానర్ మీద వేసుకునేది ఆ 4నే.

తనిఖీ స్టార్లు కూడా మన పరీక్ష మార్కుల్లాంటివి కావు, ర్యాంకుల్లాంటివి. ఆ రాష్ట్రంలో పైనున్న 10 శాతానికి 5, అడుగున ఉన్న 20 శాతానికి 1, మధ్యలో వాళ్లకి మిగతావి. రాష్ట్రంలో అన్నీ అంతంతమాత్రంగా ఉన్నా ఎవరికో ఒకరికి 5 రావాల్సిందే. పక్క రాష్ట్రంలోని 3తో మన దగ్గరి 4ని పోల్చడం కుదరదని సైట్‌లోనే రాశారు గానీ, అంత లోపలికి వెళ్లి చదివే ఓపిక ఆ పూట ఎవరికుంటుంది?

క్వాలిటీ కొలతలు మరీ విచిత్రం. వాటిలో చాలా భాగం హోమ్‌ వాళ్లు తమ గురించి తామే నింపి పంపే లెక్క. ఎంతమంది పడ్డారు, ఎంతమందికి మంచం పుళ్లు వచ్చాయి, ఇలా. 2025 సెప్టెంబర్‌లో ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు ఓ నివేదిక ఇచ్చింది: పడి పెద్ద దెబ్బ తగిలి ఆసుపత్రి పాలైన మెడికేర్ రోగుల కేసుల్లో 43 శాతం నర్సింగ్ హోమ్‌లు అసలు రిపోర్టు చేయలేదని. ఆసుపత్రి బిల్లు ఉంది, హోమ్ లెక్కలో మాత్రం ఎవరూ పడలేదు! ఇది కాక, యాంటీసైకోటిక్ మందులు, అంటే మానసిక జబ్బులకి వాడే మత్తెక్కించే మందులు, ఎక్కువ వాడుతున్నట్టు కనపడకుండా, ఆ లెక్కలో కలపని స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉందని రాసేసే హోమ్‌ల సంగతి కూడా బయటపడింది. 2023 నుంచి సీఎంఎస్ వాటిని ఆడిట్ చేసి స్టార్లు కోస్తోంది. మామయ్యగారి మాటలో, కాంట్రాక్టరే తన వంతెనకి తాను సర్టిఫికెట్ రాసుకోవడం.

మరి ఈ సైట్ ఎందుకు వాడాలి? రెండు విషయాల కోసం.

మొదటిది తనిఖీ రిపోర్టు. దాని ఫారం నంబరు సీఎంఎస్-2567, అందరూ ఇరవై అయిదు అరవై ఏడు అంటారు. స్టార్ల మీద నొక్కి, హెల్త్ ఇన్‌స్పెక్షన్స్ లోకి వెళ్లి, మళ్లీ లోపలికి వెళ్తే పీడీఎఫ్ దొరుకుతుంది. ఆణిముత్యాన్ని అటక మీద పెట్టినట్టుంది. ఇన్‌స్పెక్టర్ ఏ రోజు, ఏ టైమ్‌లో, ఏ గదిలో, ఏం చూశారో, నర్సు ఏమన్నారో మొత్తం కథలాగా రాసి ఉంటుంది. పేర్లుండవు, రెసిడెంట్ 7, రెసిడెంట్ 22 అని ఉంటాయి. ప్రతి లోపానికి ఒక ఎఫ్ నంబరు. ఎఫ్686 అంటే మంచం పుళ్లు, ఎఫ్689 అంటే పడిపోవడం లాంటి ప్రమాదాలు, ఎఫ్725 అంటే చాలినంత సిబ్బంది లేకపోవడం, ఎఫ్880 అంటే ఇన్‌ఫెక్షన్ జాగ్రత్తలు. దాని పక్కనే ఎ నుంచి ఎల్ వరకు ఒక అక్షరం. ముందుకు వెళ్లేకొద్దీ ముప్పు పెరుగుతుంది. డి, ఇ, ఎఫ్ అంటే హాని జరగలేదు గానీ జరిగే అవకాశం ఉంది. జి, హెచ్, ఐ అంటే నిజంగానే హాని జరిగింది. జె, కె, ఎల్ అంటే ప్రాణం మీదకి వచ్చే పరిస్థితి. ఒకే మెట్టు మీదున్న మూడు అక్షరాల్లో మొదటిది ఒకరిద్దరికి జరిగితే, రెండోది చాలామందికి జరుగుతుంటే, మూడోది హోమ్ అంతటా ఉంటే. సైట్‌లో ఈ అక్షరాలకి బదులు మామూలు మాటల్లో కూడా రాస్తారు, కానీ అక్షరాలు పట్టుకుంటేనే పని తొందరగా అవుతుంది.

మా జాబితాలో 5 స్టార్ల హోమ్ ఒకటి ఉంది. ఇంటికి పది నిమిషాలు. మా ఆయన ఫోన్‌లోనే "అదే ఖాయం చేసేయండి" అన్నారు. దాని 2567లో లోపాలు రెండే. కానీ అందులో ఒకటి ఎఫ్686, పక్కన జి. ఓ పెద్దావిడ మడమ మీద పుండు నల్లబడే దాకా ఎవరూ మేజోడు తీసి చూడలేదు. ఇంకో హోమ్‌కి 4 స్టార్లు, లోపాలు తొమ్మిది. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాయలేదు, మందుల బండికి తాళం వేయలేదు, ఇలాంటివి. అన్నీ డి, ఇ. నేను తొమ్మిది అనే అంకె చూసి భయపడ్డాను. మామయ్యగారు చాలాసేపు చదివి, "తొమ్మిది చోట్ల పెచ్చులూడిన వంతెన మీద నేను కారు నడుపుతాను. బరువు మోసే బేరింగ్ ఒక్కటి పక్కకి జరిగినా నడపను" అన్నారు. 4 స్టార్లదే ఎంచుకున్నాం.

రెండోది సిబ్బంది లెక్క. ఇది హోమ్ చెప్పుకునే మాట కాదు, 2016 నుంచి ప్రతి హోమ్ జీతాల రికార్డుల నుంచే పంపాలి. ఒక్కో రోగికి రోజుకి ఎన్ని గంటల నర్సింగ్ అందుతోంది, అందులో రిజిస్టర్డ్ నర్సు ఎంత, ఏడాదిలో ఎంతమంది మానేశారు, అన్నీ ఉంటాయి. శని, ఆదివారాల లెక్క 2022 నుంచి విడిగా చూపిస్తున్నారు. మేం ఎంచుకున్న హోమ్‌కి మొత్తం మీద 3.9 గంటలు, వారాంతంలో 3.1. ఆ తేడా నేను చూశాను. చూసి కూడా, ఆ 0.8 గంటలు అంటే మంచం మీదున్న మనిషికి ఏమిటో ఆ రోజు నాకు తట్టలేదు.

తట్టేసరికి అత్తయ్య చేరి రెండో శనివారం అయింది. పనిదినాల్లో ఫిజియోథెరపీ అమ్మాయి బంగారం లాంటిది, ఆవిడ చేత వాకర్‌తో కారిడార్ చివరిదాకా నడిపించేది. శనివారం రాగానే ఆ కారిడార్ మొత్తానికి ఇద్దరే ఆయాలు, సీఎన్ఏలంటారు. పాపం వాళ్లు పరుగులు పెడుతూనే ఉన్నారు, వాళ్లని ఏమీ అనలేను. బాత్రూమ్‌కి వెళ్లాలని అత్తయ్య కాల్ లైట్ నొక్కారు. ఎవరూ రాలేదు. ఇక ఆగలేక తనే వాకర్ పట్టుకుని లేవబోయారు. సరిగ్గా అప్పుడే పెరుగన్నం డబ్బా పట్టుకుని నేను గదిలోకి వెళ్లాను కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాత సోమవారం ఉదయం వెళ్లేసరికి హోమ్ పెళ్లివారిల్లులా ఉంది. నేల మెరుస్తోంది. ఎప్పుడూ కనపడని డైరెక్టర్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ప్రతి గది ముందూ ఎవరో ఒకరు. ఏమిటీ సందడి అని ఆయాని అడిగితే గొంతు తగ్గించి, "స్టేట్ వచ్చింది" అంది. ఇన్‌స్పెక్టర్లని వాళ్లు అలాగే అంటారు, గోదారికి వరదొచ్చింది అన్నట్టు.

ఈ తనిఖీలు చెప్పకుండా చేయాలన్నది రూలు. కానీ ఒక తనిఖీకీ తర్వాతదానికీ మధ్య 15 నెలలు దాటకూడదన్నదీ రూలే. వీళ్ల పాత తనిఖీ అయి అప్పటికి 14 నెలలు. రెండు వారాల ముందే రిసెప్షన్‌లో అమ్మాయి "విండోలో ఉన్నాం కదా" అని ఎవరితోనో అనడం నేను విన్నాను. చెప్పకుండానే వస్తారు, కానీ వస్తారని అందరికీ తెలుసు. రాత్రిళ్లో వారాంతాల్లోనో మొదలుపెట్టాల్సినవి కనీసం 10 శాతం ఉండాలట. మిగతావి ఇలాగే పనిదినాల్లో, పట్టపగలు. మామయ్యగారైతే వంతెన ముందురోజు రాత్రి రంగేసుకుని కూర్చోదు కదా అని నవ్వారు.

అయినా ఆ నాలుగు రోజులూ నేను చూసింది నాకు నచ్చింది. నలుగురు వచ్చారు, తలా ఒక ల్యాప్‌టాప్. పూర్వం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా, కొన్నిచోట్ల కాగితాల మీద, కొన్నిచోట్ల కంప్యూటర్ మీద జరిగేదట. 2017 నవంబర్ 28 నుంచి దేశమంతటా ఒకటే పద్ధతి. ఎవరిని చూడాలో కొంత ముందే డేటా చూసి కంప్యూటర్ ఎంచుతుంది, మిగతావాళ్లని ఇన్‌స్పెక్టర్లే గదులు తిరిగి ఎంచుకుంటారు. కొత్తగా చేరినవాళ్లని కూడా చూస్తారు. అలా మా అత్తయ్య వంతు వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ యాభై ఏళ్లావిడ, నర్సుగా పనిచేసి వచ్చిందట. అత్తయ్యకి ఇంగ్లీషు అంతంతమాత్రం అని తెలిసి, నేను అనువదిస్తానన్నా వద్దని, ఫోన్‌లో తెలుగు దుబాసీని పెట్టించింది. ఇంటివాళ్ల ముందు కొందరు నిజం చెప్పరని నాకు తర్వాత వివరించింది. నన్ను బయట కూర్చోమంటారేమో అనుకున్నాను, అత్తయ్య ఉండమన్నారు కాబట్టి ఉన్నాను.

స్నానం ఎప్పుడు చేయాలో మీరే చెబుతారా, వస్తువులేమైనా పోయాయా, నొప్పి ఉందా, తిండి ఎలా ఉంది, పిలిస్తే వస్తారా. అన్నిటికీ అత్తయ్యది ఒకటే జవాబు: "బాగానే చూస్తున్నారమ్మా, ఏం లోటు లేదు." నాకు ఒళ్లు మండింది. శనివారం జరిగిందేమిటి, ఈవిడ చెబుతున్నదేమిటి! కానీ పెట్టినవాళ్ల తిండి తిని వాళ్ల మీద చాడీ చెప్పడం ఆవిడ పుట్టి పెరిగిన తీరులో లేదు. పెట్టెలో టిక్కు పెట్టుకునే ప్రశ్న ఏది అడిగినా అదే చెబుతారు.

ఇన్‌స్పెక్టర్ ల్యాప్‌టాప్ మూసేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, "మొన్న శనివారం బెల్ నొక్కినప్పుడు మీరేం చేస్తున్నారు?" అని అడిగింది. దుబాసీ తెలుగులో అడగ్గానే అత్తయ్య ముఖం మారింది. "సీరియల్ చూస్తున్నానమ్మా ఫోన్‌లో. అప్పుడే మొదలైంది, అప్పుడు నొక్కాను. అదయిపోయింది. రెండో ఎపిసోడ్ కూడా సగం అయింది. ఇంక ఆగలేక నేనే లేచాను." ఇన్‌స్పెక్టర్ ఒక ఎపిసోడ్ ఎన్ని నిమిషాలు అని అడిగి రాసుకుంది.

4 ఇవ్వలేను గానీ, 2 కాకుండా 3 ఇవ్వడానికి కారణం ఈ పది నిమిషాలే. ఇలా కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగే మనిషి లేకపోతే సైట్‌లో పెట్టడానికి ఏమీ ఉండదు. ఆ మనుషులే కరువవుతున్నారు. 2023 మేలో సెనేట్ వృద్ధుల వ్యవహారాల ప్రత్యేక కమిటీ ఇచ్చిన నివేదికలో, 32 రాష్ట్ర తనిఖీ సంస్థల్లో ఇన్‌స్పెక్టర్ పోస్టులు 20 శాతమో అంతకన్నా ఎక్కువో ఖాళీగా ఉన్నాయని తేలింది. ఈ పనికి కేంద్రం ఇచ్చే సొమ్ము ఏళ్లుగా 40 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయింది. అదే నర్సుకి ఆసుపత్రిలో ఇంతకన్నా ఎక్కువ జీతం వస్తుంటే ఊరూరా తిరిగి మోటెల్‌లో పడుకునే ఉద్యోగానికి ఎవరొస్తారు?

అందుకే సీఎంఎస్ ఇప్పుడు రిస్కుని బట్టి తనిఖీ అనే పద్ధతిని పరీక్షిస్తోంది. రికార్డు బాగున్న హోమ్‌లకి చిన్న తనిఖీ, మిగిలిన టైమ్ బాగోలేని వాటికి. నాకు మొదట ఇది ఎగవేత అనిపించింది. మామయ్యగారు అడ్డుపడ్డారు. మామూలుగా రెండేళ్లకోసారి చూసే వంతెనల్లో గట్టివాటికి గడువు పెంచుకోవచ్చని అక్కడ కూడా 2022లో రూల్స్ మార్చారట, అందులో తప్పు లేదంటారు. "కానీ అది గట్టిదని చెప్పేది ఎవరన్నదే ప్రశ్న. నేను కొట్టి చూసిన సుత్తి చప్పుడైతే ఒప్పుకుంటాను" అన్నారు. నాదీ అదే మాట. హోమ్ తనే నింపిన కొలతలు చూసి మంచిదని తేల్చేస్తే మాత్రం మేజోడు లోపలి పుండు ఎవరికీ కనపడదు. జీతాల లెక్క ఉంది కదా, ఏ వారాంతం ఎంతమంది తగ్గారో అందులో ఉంది. సరిగ్గా ఆ వారాంతమే వెళ్లి తలుపు తట్టమనండి.

సైట్ గురించి ఇంకో రెండు ముక్కలు. ఎర్రటి గుండ్రంలో చెయ్యి గుర్తు కనపడితే ఆ హోమ్‌లో రోగులని హింసించిన లోపం తనిఖీలో నమోదైందని అర్థం, 2019 నుంచి పెడుతున్నారు. దాని గురించి చదవకుండా ముందుకి వెళ్లకండి. 2025 జూలై నుంచి తనిఖీ స్టార్లకి చివరి మూడు తనిఖీలు కాకుండా రెండే లెక్కిస్తున్నారు, కొత్తదానికి ముప్పాతిక వంతు విలువ. పాత పాపాలు తొందరగా మాసిపోతాయి కాబట్టి పాత రిపోర్టులు కూడా తెరిచి చూడండి, అవి సైట్‌లోనే ఉంటాయి. టైమ్ ఉంటే శనివారం సాయంత్రం ఓసారి హోమ్‌కి వెళ్లి రండి. చివరి రిపోర్టు అందరికీ అందేచోట పెట్టాలన్నది చట్టం, రిసెప్షన్ దగ్గర ఫైల్ అడగండి. అడగ్గానే ఇస్తారా, మేనేజర్‌ని పిలుస్తారా అన్నదాంట్లోనే సగం తెలిసిపోతుంది. మాకు అడగ్గానే ఇచ్చారు.

అత్తయ్య 34 రోజులకి ఇంటికి వచ్చేశారు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు, గరాజ్ మెట్టు దగ్గర మామయ్యగారు రెండు వైపులా రెయిలింగ్ బిగించారు, అది ట్రక్కు గుద్దినా కదలదు.

జూన్‌లో ఆ హోమ్ కొత్త 2567 సైట్‌లోకి వచ్చింది. మామయ్యగారు ప్రింటు తీసి, ఎర్ర పెన్ను పట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. ఎఫ్725, సిబ్బంది చాలలేదు. రెసిడెంట్ 22 దుబాసీ ద్వారా చెప్పినదాని ప్రకారం శనివారం కాల్ లైట్ నొక్కాక సుమారు 30 నిమిషాల వరకు ఎవరూ రాలేదు. అక్షరం డి.

"ఆ కారిడార్ అంతా అలాగే ఉంటే డి ఏమిటి, ఇ వెయ్యాలి" అని ఆయన పెన్నుతో దిద్దేశారు, అదేదో తన ఆఫీసు ఫైలైనట్టు. నేను ఆ లైను తెలుగులో అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ విని, ఒక్క క్షణం ఆగి, "ముప్ఫై ఎక్కడిదే? మధ్యలో వచ్చిన యాడ్లు వాళ్లు లెక్కేసినట్టు లేరు" అన్నారు.